బీడువారిన మేతనేలలో వాననీటి గుంటలు, పొదలు: నా అనుభవం

ఏడాదికి 150 నుంచి 250 మి.మీ. వాన పడే మేతనేలలో ఎన్ని పొదలు నాటాలో మొక్కల లభ్యతను బట్టి నిర్ణయించడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు. అక్కడ పొద పాదులోకి ఎంత నీరు పారి వస్తుందో దాన్ని బట్టే అది బతుకుతుంది. అందుకని ముందు నీటి లెక్క వేసుకుని, ఆ తర్వాతే నర్సరీకి ఎన్ని మొక్కలు కావాలో చెబుతాను.

నేలను చూసుకోవడం మొదటి పని. గడ్డపారతో అర మీటరు లోతు తవ్వి చూడాలి. 40 సెం.మీ. లోపే రాతి పొర తగిలిన చోట పొదల జోలికి పోకుండా గడ్డి విత్తనంతో సరిపెట్టుకోవడం మంచిది. తర్వాత రెండు వైపులా తెరిచిన, 20 సెం.మీ. వెడల్పున్న రేకు డబ్బాను నేలలోకి 5 సెం.మీ. దిగగొట్టి, లోపల 5 సెం.మీ. ఎత్తున నీళ్లు పోస్తాం. పావుగంటలో ఇంకిపోతే అది ఇసుక నేల. అక్కడ నీరు పారదు కాబట్టి గుంటల వల్ల ఒరిగేదేమీ లేదు. మూడు గంటలైనా సగం కూడా ఇంకలేదంటే పైన పెళ్ల కట్టిందని అర్థం. విత్తనాన్ని మొలవనివ్వనిది ఆ పెళ్లే, వాననీటిని గుంటలోకి పారించేదీ అదే. అందుకే గుంటల మధ్య నేలను దున్నకూడదు, ట్రాక్టరు తిప్పకూడదు. వాలు 2 నుంచి 8 శాతం ఉన్న నేలలో పని బాగా సాగుతుంది. వంకలు కోసుకుపోయిన వాలులో ముందు వంక తలభాగం నుంచి రాతి కట్టలు వేసుకుంటూ కిందికి రావాలి. అది వదిలేసి గుంటలు తవ్వితే ఒక్క పెద్ద వానకు అన్నీ వంకలో కలుస్తాయి.

నైజర్, బుర్కినా ఫాసో దేశాల సహేల్ ప్రాంతంలో వాడుకలో ఉన్న అర్ధచంద్రాకారపు గుంట నాకు బాగా నచ్చిన పద్ధతి. వ్యాసం 4 మీటర్లు. ఒకే వరుసలో గుంటకూ గుంటకూ మధ్య 4 మీటర్ల ఖాళీ, వరుసకూ వరుసకూ 4 మీటర్ల దూరం. కింది వరుస గుంటలు పై వరుస ఖాళీలకు ఎదురుగా రావాలి. అలా ఒక్కో గుంటకు 32 చదరపు మీటర్ల నేల దక్కుతుంది, హెక్టారుకు 313 గుంటలు పడతాయి.

ఈ కొలతలో నీటి లెక్క ఇలా ఉంటుంది. గుంట వైశాల్యం సుమారు 6.3 చదరపు మీటర్లు, దానికి నీరిచ్చే నేల 25.7 చదరపు మీటర్లు. 15 మి.మీ. వాన పడి, అందులో 30 శాతం పారిందనుకుంటే గుంటలోకి దాదాపు 116 లీటర్లు వస్తాయి. నేరుగా పడ్డదీ కలిపితే గుంటలోని నేలకు 33 మి.మీ. వాన కురిసినట్టు. వాన 150 మి.మీ. దగ్గరే ఉండే చోట ఇది చాలదు. అక్కడ వరుసల మధ్య దూరం 8 మీటర్లకు పెంచుతాం. అప్పుడు అదే 15 మి.మీ. వాన గుంటలో 56 మి.మీ. అవుతుంది, గుంటల సంఖ్య సగానికి తగ్గుతుంది. మొక్కలు తగ్గాయని పైఅధికారులు గొణుగుతారు, కానీ ఈ సగం తగ్గించడం వల్లే తోట నిలుస్తుంది.

గుంటల వరుస సమమట్టంలో ఉండాలి. మట్టం చూసుకోవడానికి కర్రలతో ఇంగ్లిషు A ఆకారంలో కట్టి, నడుమ దారం వేలాడదీసిన చట్రం (ఏ-ఫ్రేము), లేదా నీళ్లు నింపిన పారదర్శక గొట్టం చాలు. కళ్లతో అంచనా వేసి గీస్తే మాత్రం పని చెడుతుంది. గీత వంకరైన చోట పల్లానికి ఉన్న గుంటలోకి పక్కవాటి నీరు కూడా చేరి గట్టు తెగుతుంది. ఆ నీరు దిగువ గుంటను, అది దాని కింది గుంటను తెంచుకుంటూ పోతుంది. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

తవ్వేటప్పుడు 15 నుంచి 25 సెం.మీ. లోతు తీసి, మట్టినంతా పల్లపు వైపు వంపు గట్టుగా వేసి, పొరపొరకూ తొక్కాలి. రెండు కొసలూ ఒకే మట్టంలో, గట్టు నడిమి శిఖరం కన్నా 10 సెం.మీ. తక్కువగా ఉండాలి. నిండిన నీరు కొసల పక్క నుంచి పోవాలి, గట్టు మీదుగా పోకూడదు. 5 శాతం వాలులో గుంట నడిమి భాగం కొసల కన్నా 10 సెం.మీ. పల్లంలో ఉంటుంది కాబట్టి నడిమి గట్టు అసలు నేల మీద 20 సెం.మీ.కు తగ్గకూడదు. మట్టి కుంగుతుంది కనుక మొదట 30 సెం.మీ. వేసుకోవడమే క్షేమం. రాళ్లు దొరికితే కొసలకు పేర్చాలి.

వందల హెక్టార్ల పని అయితే మనుషులతో తవ్వడం సాగదు. ఇటలీకి చెందిన వెనాంజియో వల్లెరాని రూపొందించిన నాగలి అందుకే పుట్టింది. భారీ ట్రాక్టరు వెనక అది పైకీ కిందికీ కదులుతూ ఆగి ఆగి గుంటలు తీస్తుంది, మట్టిని పల్లం వైపు పడేస్తుంది. జోర్డాన్‌లో బాదియా అనే ఎండు మేతనేలల ప్రాంతంలో ఈ పద్ధతిలో పొదలు నాటారు. యంత్రం వాడినా సమమట్టపు గీత ముందే గీయాల్సిందే. డ్రైవరు వాలుకు అడ్డం తిరగకుండా పైకి కిందికి తోలాడంటే ప్రతి గుంటా కాలువగా మారుతుంది.

ఇక మొక్క సంగతి. ఆ నేలలో మిగిలి ఉన్న పొదలే నా మొదటి ఎంపిక. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా మేతనేలల్లో అట్రిప్లెక్స్ హాలిమస్ అనే ఉప్పుపొద, సాల్సోలా వెర్మిక్యులేటా అనే మరో మేతపొద బాగా పనికొస్తాయి. అట్రిప్లెక్స్ విత్తనం చుట్టూ ఉండే తొడిమ రెక్కల్లోని ఉప్పు మొలకను ఆపుతుంది. రెక్కలు నలిపి తీసి, కొన్ని గంటలు పారే నీటిలో కడిగి, సెంటీమీటరుకు మించని లోతున వేయాలి. ముదరని కొమ్మ ముక్కలు కూడా వేరు పోస్తాయి. సాల్సోలా విత్తనం ఏడాది తిరగకముందే మొలకశక్తి చాలావరకు పోగొట్టుకుంటుంది, పాత విత్తనం కొనడం డబ్బు దండగ. ఒకే జాతితో ప్రాంతమంతా నింపేయడం మాత్రం వద్దు, కనీసం మూడు జాతులు కలపండి. త్వరగా పెరుగుతుందని సర్కారు తుమ్మను మేతనేలలోకి తేవద్దు. పశువులు కాయలు తిని పేడతో విత్తనం చల్లుతాయి, ఆపైన దాన్ని పెరికేవాళ్లు ఉండరు.

నర్సరీలో సంచి లోతే అసలు విషయం. 20 నుంచి 25 సెం.మీ. లోతున్న సంచిని నేల మీద పెట్టకుండా తీగ పలక మీద ఎత్తులో ఉంచితే, అడుగున బయటికొచ్చిన వేరు గాలికి ఎండి ఆగుతుంది, పక్క వేళ్లు పెరుగుతాయి. నేల మీద పెట్టిన సంచుల్లో వేరు చుట్టుకుపోతుంది. అలాంటి మొక్క మొదటి సీజన్ పచ్చగా ఉండి, ఎండలు ముదిరాక ఉన్నట్టుండి వడలిపోతుంది. తవ్వి చూస్తే వేరు సంచి ఆకారంలోనే ఉంటుంది. నాటడానికి మూడు నాలుగు వారాల ముందు నీడ తీసేసి, నీళ్లు క్రమంగా తగ్గించి, ఎండకు అలవాటు చేయాలి. జానెడున్నర ఎత్తున్న గట్టి మొక్క చాలు, ఏపుగా సాగిన లేత మొక్క బతకదు.

నాటేది నేల 30 సెం.మీ. లోతు దాకా తడిసి పదునయ్యాకే. పార దించి చేత్తో పట్టి చూసుకోవాలి. తేదీ ప్రకారం పొడి నేలలో నాటినవి, వానాకాలం చివర్లో నాటినవి ఎక్కువగా పోతాయి. వేరు లోతుకు దిగకముందే పైపదును ఆరిపోతుంది మరి. గుంట నడుమ అడుగున నాటకూడదు, అక్కడ ఒండ్రు మొక్కను పూడ్చేస్తుంది, బంకనేల అయితే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. గట్టు లోపలి అంచున, గుంట అడుగుభాగం కన్నా బెత్తెడు ఎత్తులో, గుంటకు రెండు మొక్కలు. పాదు 30 సెం.మీ. లోతు, వెడల్పు. నాటగానే 5 నుంచి 10 లీటర్ల నీరు పోసి, చుట్టూ నాలుగు రాళ్లు పెడితే తేమ నిలుస్తుంది, కుందేళ్ల బాధా కొంత తగ్గుతుంది. గుంట అడుగున స్థానిక గడ్డి విత్తనం చల్లడం మరవద్దు. ఆ తేమ గడ్డికీ సరిపోతుంది.

మొదటి గట్టి వాన వెలిసిన మర్నాడే పారలతో పొలమంతా తిరగాలి. చిన్న గండిని అప్పుడే పూడిస్తే పది నిమిషాల పని, వదిలేస్తే మరుసటి వానకు వరుసంతా పోతుంది. బతికిన మొక్కల లెక్క మొదటి ఎండాకాలం చివర వేయాలి. అప్పుడు కూడా దారి పక్కవి కాకుండా, పై వాలు నుంచి కిందికి ఒక గీత వెంట నడుస్తూ తగిలినవన్నీ లెక్కించాలి. నాటిన నెలకే తీసిన లెక్కను నేను నమ్మను.

మేత దగ్గరే ఎక్కువ ప్రయత్నాలు ఓడిపోతాయి. కనీసం రెండేళ్లు మందలు దూరంగా ఉండాలి, కానీ మొత్తం నేలను ఒకేసారి మూసేస్తే కాపరి ఎక్కడికి పోతాడు? రాత్రిపూట లోపలికి తోలడం తప్ప అతనికి దారి ఉండదు. మూడో వంతో నాలుగో వంతో మాత్రమే మూసి, మిగిలింది తెరిచి ఉంచి, ఏ భాగం ఎప్పుడు తెరుస్తామో గుంటలు తవ్వకముందే కాపరులతో కూర్చుని తేల్చుకోవాలి. ముళ్లకంచె కన్నా వాళ్లలోంచే పెట్టుకున్న కావలి మనిషి మేలు.

తెరిచే ఏడాది పొద కనీసం అర మీటరు ఎత్తుండాలి. మందను కొద్ది రోజులే వదిలి, ఆకు సగం మిగిలి ఉండగానే బయటికి తోలేయాలి. అలాగని అసలు మేపకుండా వదిలినా ఉప్పుపొద కొయ్యబారి చిగురు తగ్గుతుంది. అలాంటప్పుడు నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో కోసి కొత్త చిగురు రప్పించాలి. ఈ ఆకులో మాంసకృత్తులు బాగానే ఉన్నా ఉప్పు ఎక్కువ, శక్తి తక్కువ. కాబట్టి మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, చొప్పతోనో ఎండుగడ్డితోనో కలిపి పెట్టాలి. ఉప్పుపొద మేసే రోజుల్లో గొర్రెలు మామూలు కన్నా చాలా ఎక్కువ నీళ్లు తాగుతాయి. దగ్గర్లో మంచినీటి తొట్టి లేని భాగాన్ని మేతకు తెరవకండి.