ఫోన్ బోర్లా పెట్టిన రోజులు

ఆ ఏడాదంతా నా ఫోన్ టేబుల్ మీద బోర్లా పడి ఉండేది. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే చాలు, కడుపులో దేవినట్టయ్యేది. మూడు చేబదుళ్లు, ఒక క్రెడిట్ కార్డు. కార్డుకు నెలనెలా కనీస మొత్తం కట్టేసి హమ్మయ్య అనుకునేవాడిని. అందులో చాలావరకు వడ్డీకే పోతోందని, అసలు కదలడమే లేదని లెక్క చూసుకునే ధైర్యం ఉండేది కాదు.

ప్రార్థన మాత్రం మానలేదు. నిజం చెప్పాలంటే అది ప్రార్థన కాదు, బేరం. ప్రభువా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు!

ఒక రాత్రి బైబిల్లో రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం తీశాను. అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోతాడని ఒక విధవరాలు ఎలీషా ప్రవక్తకు మొరపెట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి విన్నదే. ఈసారి మాత్రం, ఆమె ఇంట్లోని కాస్త నూనె పాత్రలన్నీ నిండేంతగా పెరిగిన అద్భుతం దాకా పోకుండా ఎలీషా ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఆ తర్వాత ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. అంటే తన అవస్థ పదిమందికీ తెలియాలి. చివరికి కూడా నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడే గానీ, అప్పు ఎగ్గొట్టమనలేదు.

లేచి, పాత నోట్‌బుక్ చివరి పేజీలో అప్పులన్నీ రాశాను. మూడోది రాస్తుంటే పెన్ను ఆగింది. అది మా ఆవిడకు తెలియని అప్పు.

పొద్దున్నే పేజీ ఆమె ముందు పెట్టాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్ను అందుకుని, నాకు తెలియని అప్పొకటి కింద రాసింది.