సమురాయ్ ఇంట్లో పద్దుల పుస్తకం

కత్తులు దూసే సీన్ మొదలవగానే నేను లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసొస్తాను. ఎవరు గెలుస్తారో తెలిసిందే కదా. నాకు కావాల్సింది ఆ తర్వాత సీను. ఆ మనిషి ఇంటికొచ్చాక పెళ్ళాం ఏమంది, బియ్యం ఇంకెన్నాళ్ళకి సరిపోతాయి, పిల్లల పండగకి అప్పెక్కడ పుడుతుంది. జపాన్ వాళ్ళ సమురాయ్ కథల్లో నాకు నచ్చినవన్నీ చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి. పరువు గురించి మాట్లాడేది మగవాళ్ళు, దాని బిల్లు వచ్చేది వంటింటికి.

నేను రాజమండ్రిలో ఒక కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫీజులు, జీతాలు, వోచర్లు. అందుకే సినిమాలో కూడా పద్దులే వెతుక్కుంటానని మా ఆయన వెక్కిరిస్తారు. ఈ పిచ్చి అంటించింది మా చెల్లెలి కొడుకు. వాడు టోక్యోలో నిషికసాయిలో ఉంటాడు, మన దేశం వాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. ఒకసారి సెలవులకి వస్తూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్న డీవీడీలు కొన్ని పట్టుకొచ్చాడు. వాడు మాత్రం చూడడు. "మా ఆఫీసులో కుర్రాళ్ళెవరూ ఇవి చూడరు పెద్దమ్మా, వాళ్ళ అమ్మమ్మలు చూస్తారు" అంటాడు. నాకా అమ్మమ్మలతో ఏ పేచీ లేదు.

అందులో ముందు చెప్పాల్సింది 2010లో యోషిమిత్సు మోరిత తీసిన "బుషి నో కకేబో". సమురాయ్ ఇంటి జమాఖర్చుల పుస్తకమన్నమాట. కనజావాలో మయెద ప్రభువుల దగ్గర తరతరాలుగా లెక్కలు రాసే ఇనోయమ కుటుంబం కథ. అది కల్పన కాదు. 2001లో చరిత్రకారుడు మిచిఫుమి ఇసోద టోక్యోలో ఒక పాత పుస్తకాల షాపులో ఆ ఇంటి పద్దుల కట్ట కొన్నాడు. 1842 నుంచి 1879 దాకా, ముప్ఫై ఏడేళ్ళ ఖర్చులు అందులో ఉన్నాయి. వాటి మీద ఆయన పుస్తకం రాస్తే, దాంట్లోంచి ఈ సినిమా పుట్టింది. పాత వోచర్లు చెదలు పట్టకుండా చూసుకోమని మా ఆఫీసులో నేను మొత్తుకునేది ఇందుకే.

నవొయుకి అనే ఆ గుమాస్తాని తోటివాళ్ళు అబాకస్ పిచ్చోడని పిలుస్తారు. నడుముకి రెండు కత్తులుంటాయి గానీ అతని చెయ్యి ఎప్పుడూ పూసల చట్రం మీదే. ఒకరోజు ఇంటి లెక్కలు తీసి చూస్తాడు. అప్పు ఏడాది ఆదాయానికి రెట్టింపు! జూదం లేదు, తాగుడు లేదు. మరి డబ్బంతా ఏమైంది? చుట్టాలకి కానుకలు, నౌకర్ల జీతాలు, తంతులు, వచ్చిపోయేవాళ్ళ మర్యాదలు. సమురాయ్ అన్నాక ఇవన్నీ ఉండాల్సిందే. జీతం చాలక కాదు వాళ్ళు మునిగింది, హోదా నిలబెట్టుకోబోయి.

నవొయుకి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఉన్నవన్నీ అమ్మేద్దామంటాడు. తండ్రి ప్రాణంగా చూసుకునే టీ సామాను, తల్లి పట్టు కిమోనో, అన్నీ నడిమింట్లోకి వస్తాయి. తల్లిగా వేసింది కేకో మత్సుజాక. ఆ కిమోనో ఒక్కటీ వదలదు, పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. కొడుకు మాత్రం మెత్తబడడు. అవన్నీ అమ్మితే వచ్చిన డబ్బుతో అప్పులవాళ్ళకి కొంత ఒకేసారి కట్టి, మిగతాది వడ్డీ లేకుండా వాయిదాల్లో తీరుస్తానని బేరం కుదుర్చుకుంటాడు.

ఇక ఆ చేప సంగతి చెప్పాలి. పిల్లాడికి తొలిసారి హకామా, అంటే కుచ్చిళ్ళ లాగు, తొడిగే వేడుక. మన పంచెల ఫంక్షన్ లాంటిదే గానీ పిల్లాడు ఇంకా చిన్నవాడు. ఆ వేడుకకి వచ్చిన ప్రతి అతిథి ముందూ ఎర్రటి తై చేప పెట్టాలి. అంత డబ్బెక్కడుంది? చేప బొమ్మలు గీయించి, ఒక్కొక్క పళ్ళెంలో ఒక్కొక్క కాగితం పెడతారు. చుట్టాల మొహాలు చూడాలి. ఈ బొమ్మల సంగతి ఆ ఇంటి పద్దుల్లోనే రాసి ఉందట.

అప్పుడే మా అత్తయ్య పూజ ముగించుకొచ్చి సోఫాలో కూర్చున్నారు. ఆవిడకి జపనీసూ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్సూ చదవలేరు. "పళ్ళెంలో కాగితమేమిటే?" అన్నారు. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన పెళ్ళి ఫోటో సంగతి ఎత్తారు. అందులో మెళ్ళో ఉన్న కాసులపేరు వాళ్ళ పిన్నిదట, వంకీలు మేనత్తవట. అప్పగింతలయ్యాక చీర కుచ్చిళ్ళు కూడా సర్దుకోనివ్వకుండా పిన్ని వచ్చి కాసులపేరు విప్పుకుని వెళ్ళిపోయిందట. ఇన్నేళ్ళలో ఈ మాట మా ఆయనకి కూడా చెప్పలేదు. "వీళ్ళు నయం, బొమ్మ అని తెలిసేలాగే పెట్టారు" అన్నారు. ఆ రోజు నుంచి సమురాయ్ సినిమా అంటే ఆవిడ నాకంటే ముందు సోఫాలో ఉంటారు.

ఆ సినిమాలో నవొయుకితో నాకు పేచీ ఉన్న చోటు కూడా ఒకటుంది. కొడుకుకి ఇంటి లెక్కలు అప్పగిస్తాడు. నాలుగు మోన్లు తేడా వస్తాయి, చిల్లర డబ్బులే. పిల్లాడు ఏటి ఒడ్డున దొరికిన నాణెం తెచ్చి లెక్క సరిపెడతాడు. తండ్రి పసిగట్టి, ఎక్కడ తీశావో అక్కడే పెట్టి రమ్మని పంపుతాడు. అంత చిన్న పిల్లాడితో అంత కాఠిన్యమా అని నాకు ఒళ్ళు మండింది. కానీ ఆఫీసులో నేనైనా ఒప్పుకుంటానా? తేడా వస్తే జేబులోంచి వేసి సరిపెట్టేవాడి మీదే నాకు ముందు అనుమానం వస్తుంది.

తాత పోయిన రాత్రి నవొయుకి అబాకస్ ముందేసుకుని చావు ఖర్చు లెక్కేస్తుంటే కొడుకు మండిపడతాడు. అక్కడ మాత్రం నేను నవొయుకి వైపే. మా మామగారు పోయిన రాత్రి, ఫ్రీజర్ బాక్స్ అద్దె, షామియానా, కుర్చీలు, శ్మశానం రుసుము అంటూ కాలెండర్ వెనకాల రాసుకుంటూ కూర్చుంది నేనే. ఎవరో ఒకరు రాయాలి కదండీ.

ఇంకో గుమాస్తా ఉన్నాడు, సేబేయ్. యోజి యమద 2002లో తీసిన "తసోగారే సేబేయ్"లో హిరోయుకి సనద వేశాడు. "షోగన్" సీరీస్ చూసి సనదని మెచ్చుకునేవాళ్ళకి నేనిదే చెబుతాను. అందులో ఆయన ప్రభువు, దానికి 2024లో 18 ఎమ్మీ అవార్డులు కూడా వచ్చాయి, సంతోషం. కానీ చిరిగిన అంగరఖా, మాసిన గడ్డంతో గిడ్డంగిలో సరుకుల లెక్క రాసే సనదని చూడకపోతే ఆయన్ని చూసినట్టే కాదు.

సేబేయ్ జీతం 50 కోకులు. కోకు అంటే సుమారు 150 కిలోల బియ్యం, ఒక మనిషికి ఏడాది గ్రాసం. కాగితం మీద 50 గానీ చేతికొచ్చేది అంతకంటే తక్కువే. భార్య క్షయతో పోయింది. తల్లికి మతిమరుపు, కొడుకునే నువ్వెవరని అడుగుతుంది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు. సాయంత్రం పని గంట కొట్టగానే అందరూ తాగడానికి పోతే ఇతను ఇంటికి పోయి పురుగుల పంజరాలు అల్లుతాడు, నాలుగు డబ్బులొస్తాయని. మునిమాపు సేబేయ్ అని పేరు పెట్టింది అందుకే. ఒకరోజు ప్రభువు గిడ్డంగి చూడ్డానికి వచ్చి ఇతని దగ్గర ఆగితే వంటి కంపు కొడుతుంది. అది ఊరంతా పాకుతుంది. వెంటనే పెదనాన్న పరుగున వచ్చి వంశం పరువు తీశావంటూ తిట్టి, ఎవరో ఒకత్తెని కట్టుకో, ఇల్లు చక్కబడుతుందంటాడు. ఆ పెదనాన్న లాంటివాళ్ళు మా చుట్టాల్లో కనీసం ముగ్గురున్నారు.

పాలు చూసిరావడానికి నేను లేవని కత్తి యుద్ధం ఇదొక్కటే. లొంగని ఒకణ్ణి చంపి రమ్మని సేబేయ్‌ని పంపుతారు. ఆ చీకటింట్లో ఇద్దరూ వెంటనే కొట్టుకోరు. కూర్చుంటారు. వాడు తన భార్యా కూతురూ పోయిన సంగతి చెబుతాడు, ఇతను తన భార్య జబ్బు, చావు ఖర్చు చెబుతాడు. క్యాంటీన్‌లో ఇద్దరు క్లర్కులు పర్సనల్ లోన్ల గోడు వెళ్ళబోసుకుంటున్నట్టే ఉంటుంది. మాటల్లో సేబేయ్ తన పెద్ద కత్తి అమ్మేశాననీ, ఒరలో ఉన్నది వెదురు ముక్కేననీ చెప్పేస్తాడు. అప్పటిదాకా మెత్తబడి ఉన్నవాడికి అక్కడ రోషం పొడుచుకొస్తుంది. పేదరికం గురించి ఇంత మాట్లాడుకున్నాక వాణ్ణి రెచ్చగొట్టింది కత్తి లేకపోవడం!

వెదురు కత్తి అంటే మసకి కొబయాషి 1962లో తీసిన "హరాకిరి" కూడా ఉంది గానీ, అది రెండోసారి చూసే ధైర్యం నాకు లేదు. జబ్బు భార్య, పసిబిడ్డ కోసం కత్తి అమ్ముకున్న అల్లుడి చేత పెద్దింటివాళ్ళు ఆ వెదురు ముక్కతోనే తన కడుపు తానే కోయించి చంపుతారు. లెక్క అడగడానికి మామ వస్తాడు. ఆ ముసలి మామగా వేసిన తత్సుయా నకదాయ్‌కి అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. అత్తయ్యకి ఇది చూపించలేదు, చూపించను కూడా.

ఆవిడకి "మితో కోమొన్" సరిపోతుంది. 1969 నుంచి 2011 దాకా టీవీలో వచ్చింది. జపాన్‌ని ఏలిన షోగన్ల వంశపు పెద్దాయన బట్టల వ్యాపారి వేషంలో ఊళ్ళు తిరుగుతూ, ఎపిసోడ్ చివర్లో రాజముద్ర ఉన్న చిన్న పెట్టె చూపించగానే దుర్మార్గులంతా నేలకి తల ఆనిస్తారు. మారువేషంలో తిరిగే రాజులు మనకి కొత్తా ఏమిటి, జానపద సినిమాలన్నీ అవేగా. ఆవిడ కళ్ళు మెరుస్తాయి, నేను మాత్రం సగంలో కునుకు తీస్తాను. ఆ ఊళ్ళో రేపటి నుంచి పన్ను తగ్గుతుందో లేదో ఎవరూ చెప్పరు.

సమురాయ్‌లు లేని కథల్లోనూ నేను చూసేది ఈ లెక్కే. సుగాకో హషిద రాసిన "ఒషిన్" 1983లో మొదలై ఏడాది పాటు రోజూ పావుగంట చొప్పున 297 ఎపిసోడ్లు నడిచింది. అక్కడ సగటు రేటింగ్ 52.6 శాతం, మన పాత రామాయణం రోజుల్ని తలచుకోండి. ఏడేళ్ళ పిల్లని ఒక బస్తా బియ్యానికి ఏడాది పనికి పంపేస్తారు, మంచు కురిసే ఏటి మీద తెప్పలో. అందరూ ఆ తెప్ప సీన్‌కి ఏడుస్తారు. నాకు ఏడుపొచ్చింది యాభై సెన్ల నాణెం దగ్గర. నాయనమ్మ దాచుకున్నది ఇచ్చి పంపితే, పని చేసే ఇంట్లో అదే మొత్తం కనబడకపోయేసరికి ఈ పిల్లే దొంగ అంటారు. రశీదు లేని డబ్బు పేదవాళ్ళ దగ్గర ఉండకూడదు మరి!

ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో "అసుర" ఉంది, 2025 జనవరిలో వచ్చింది, ఏడే ఎపిసోడ్లు. కునికో ముకోద 1979లో టీవీకి రాసిన కథని హిరొకజు కొరెఎద మళ్ళీ తీశాడు. ముసలి తండ్రికి ఇంకో ఇల్లుందని నలుగురు కూతుళ్ళకి తెలుస్తుంది. అమ్మకి తెలియకూడదని వాళ్ళ ఆరాటం. పెద్దమ్మాయి రియె మియజావా. సేబేయ్ యుద్ధానికి వెళ్ళే పొద్దున అతని జుట్టు దువ్వి ముడివేసిన తొమోయె ఈవిడే. ఇక అమ్మ ఎవరనుకున్నారు? కిమోనో వదలనన్న కేకో మత్సుజాకే! పదిహేనేళ్ళ తర్వాత ఈవిడని మళ్ళీ అమ్మగా చూడగానే నేను అత్తయ్యని కేకేశాను.

ఆ అమ్మ భర్త కోటు బ్రష్ చేస్తూ పిల్లల పాటేదో కూనిరాగం తీస్తుంటుంది. జేబులోంచి బొమ్మ కారు పడుతుంది. ఇంట్లో ఆ వయసు పిల్లలెవరూ లేరు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ నడిపించి చూస్తుంది, పాట ఆగదు. ఉన్నట్టుండి ఆ కారు తీసి తలుపు మీదకి విసిరి కొడుతుంది. అంతే, మళ్ళీ మామూలు అమ్మ. ఈ పాతిక క్షణాలకి నేను ఏ సమురాయ్ యుద్ధాన్నైనా వదులుకుంటాను. కూతుళ్ళు కాపాడుతున్నామనుకున్న రహస్యం ఆవిడకి ఎప్పుడో తెలుసు.

డీవీడీల్లో ఇంకా మిగిలింది "హిస్సత్సు" అనే టీవీ సీరియల్. మకొతో ఫుజిత వేసిన మొందో ఇల్లరికపు అల్లుడు. పగలు ఆఫీసులో పనికిరానివాడని పేరు, రాత్రి డబ్బు తీసుకుని దుర్మార్గుల్ని చంపుతాడు. ఆ డబ్బు కూడా నాణేలు లెక్కపెట్టి వాటాలు వేసుకుంటారు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చేసరికి అత్తగారు సేన్ "ముకో-దోనో" అని పిలుస్తుంది, అంటే అల్లుడుగారూ అనే. ఆ ఒక్క పిలుపుకి అంత హంతకుడూ నీరుగారిపోతాడు. మన ఇళ్ళలో పోపుల డబ్బాలో డబ్బు దాచేది ఆడవాళ్ళు. అక్కడ దాచుకునేది అల్లుడు, పట్టుకునేది అత్తా పెళ్ళామూ. వచ్చే ఆదివారం అత్తయ్యకి ఇదే పెడదామనుకుంటున్నాను. ఆవిడ సేన్ పక్షమే పడతారు, మా ఆయన మొందో పక్షం. నేనైతే ఆ దాచిన డబ్బు ఎంతో చెప్పమంటాను.