‘వి విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే ఏమన్నట్టు?

బెంగళూరు మారతహళ్లిలోని పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉంటూ ఉద్యోగం వెతుక్కునే మన పిల్లలందరికీ తెలిసిన ఇంగ్లీషు వాక్యం ఒకటుంది: ‘వి విల్ గెట్ బ్యాక్ టు యు.’ ఇంటర్వ్యూ అయిపోయాక హెచ్‌ఆర్ వాళ్లు చెప్పి పంపే మాట. కదిరి నుంచో ప్రొద్దుటూరు నుంచో వచ్చిన పిల్లోడు బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసి, “నాయనా, పిలుస్తామన్నారు” అంటాడు. వాళ్లు పిలుస్తామనలేదు. ఏ సంగతీ తర్వాత చెబుతామన్నారు, అంతే. అందులో అవునూ లేదు, కాదూ లేదు. ఆ తేడా తెలియక ఇంట్లోవాళ్లు రోజూ ఫోన్ చేసి అడగడం, వీడు టెన్షన్ పడటం నేను చాలాసార్లు చూశాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఆదివారం సాయంత్రాలు మా పీజీ మిద్దె మీద కొత్తగా వచ్చినవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంటాను. ఈ మాట దగ్గర మాత్రం కావాలనే ఎక్కువసేపు ఆగుతాను. వారం దాటినా కబురు రాకపోతే ‘యు డిడ్ నాట్ గెట్ బ్యాక్ టు మి’ అని రాయొద్దు, అది నిలదీసినట్టు ఉంటుంది. ‘ఈజ్ దేర్ ఎనీ అప్‌డేట్ ఆన్ మై ఇంటర్వ్యూ?’ అని అడిగితే మర్యాదగానూ ఉంటుంది, సూటిగానూ ఉంటుంది. ఇక ఇంటర్వ్యూలు చేసే స్థాయికి ఎదిగిన మనవాళ్లకు నా మనవి: ఆ వాక్యం చివర ‘బై ఫ్రైడే’ అని ఒక రోజు చేర్చండి. ‘బై’ అంటే శుక్రవారం లోపు ఎప్పుడైనా చెప్పొచ్చు, ‘ఆన్’ అంటే ఆ రోజే చెప్పాలి. తీసుకోవడం లేదనుకుంటే ఆ ముక్కే రాసేయండి. అవతలివాళ్లు ఇంకో చోట చూసుకుంటారు.

‘గెట్ బ్యాక్ టు’ తర్వాత మనిషి వస్తే జవాబివ్వడం, ఊరు వస్తే తిరిగి చేరడం, పని వస్తే ఆపినదాన్ని మళ్లీ మొదలుపెట్టడం. ‘ఐ గాట్ బ్యాక్ టు బెంగళూరు లాస్ట్ నైట్’ సరే. ‘హోమ్’ ముందు మాత్రం ‘టు’ పెట్టకూడదు, ‘గాట్ బ్యాక్ హోమ్’ అంటే చాలు.

‘టు’ పోయి ‘ఎట్’ వచ్చిందా, పగ తీర్చుకోవడమే. మా జూనియర్ ఒకతను క్లయింట్‌కి మెయిల్ రాసి, పంపే ముందు నాకు చూపించాడు. చివరి లైన్ ‘ఐ విల్ గెట్ బ్యాక్ ఎట్ యు టుమారో.’ “అక్కా, ఎట్ అంటే ఏమవుతుంది?” అన్నాడు. “రేపు నీ సంగతి చూస్తా అన్నట్టు అవుతుంది నాయనా” అన్నాను. వెంటనే మార్చాడు. ఇలాంటివి అర్థాల పట్టిక చూసి బట్టీపడితే గుర్తుండవు. ఎవరు ఎవరితో అన్నారో వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవాలి.

పోయింది, ఇచ్చింది తిరిగి రాబట్టుకోవడానికీ ‘గెట్ బ్యాక్’ అనే అంటారు. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసినవాళ్లకు అడ్వాన్సు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మా పక్కగది అమ్మాయికి పాత ఇంటి ఓనరు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకున్నాడు, మిగతాది ఇవ్వడానికీ తిప్పించుకున్నాడు. ఆయనకు మెసేజ్ ఇద్దరం కూర్చుని రాశాం. ‘గెట్ మై డిపాజిట్ బ్యాక్’ అన్నా ‘గెట్ బ్యాక్ మై డిపాజిట్’ అన్నా తప్పులేదు. కానీ ‘ఇట్’ వాడితే అది మధ్యలోనే ఉండాలి: ‘వెన్ విల్ ఐ గెట్ ఇట్ బ్యాక్?’ ‘గెట్ బ్యాక్ ఇట్’ అనరు.

ఆఫీసుల్లో జవాబివ్వమనడానికి ‘ప్లీజ్ రివర్ట్’ అని రాసే అలవాటు మనకు బాగా ఉంది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, మనలో మనం రాసుకుంటే ఇబ్బంది లేదు. కానీ అమెరికావాళ్లకు రివర్ట్ అంటే ముందున్న స్థితికి వెళ్లిపోవడం. కోడ్‌లో చేసిన మార్పులను దాచిపెట్టే గిట్ అనే టూల్‌లో కోడ్ రివర్ట్ చేస్తాం చూడండి, అచ్చం ఆ అర్థమే. డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను వాడకంలోకి పెట్టడం) గురించి నడిచే మెయిల్‌లో ‘ప్లీజ్ రివర్ట్’ అని కనిపిస్తే, జవాబివ్వాలో చేసిన మార్పు వెనక్కి తీసేయాలో వాళ్లకు తెలియదు. అక్కడ ‘ప్లీజ్ గెట్ బ్యాక్ టు మి’ అనో, ఇంకా తేలిగ్గా ‘ప్లీజ్ రిప్లై’ అనో రాయండి.