ముళ్లపొదకు మూడు, నాకు ఒకటి

మూడోసారీ గాలానికి చిక్కింది చేప కాదు, నా వెనక విరగబూసిన ముళ్లపొద.

బర్మింగ్‌హామ్‌లో గ్రాండ్ యూనియన్ కాలువ గట్టు. వానపాము లేదు, బెండు లేదు. కొక్కేనికి ఈక చుట్టి, తల దగ్గర ఇత్తడి పూస గుచ్చిన ఉత్తుత్తి పురుగు, అంతే. తేటనీటి ట్రౌట్ చేపలు పట్టేవాళ్ల విద్య ఈ మట్టినీళ్లలో ఏమిటని నవ్వేవాళ్లు నవ్వారు. కానీ మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో పెర్చ్ లాంటి చేపల జోలికి వెళ్లకూడదు. చాలా కాలువలకు ఆ నియమం లేదు మరి!

వెనక సైకిళ్లు, కుక్కలు. దారాన్ని వెనక్కి విసరకుండా నీటి మీదే దొర్లించి ముందుకు వేశాను. ఇంతలో ఏడడుగుల వెడల్పు పడవ ఒకటి నింపాదిగా వచ్చి నీళ్లన్నీ కలిపేసి పోయింది. విసుక్కుంటూ దారం లాగుతుంటే టక్కున పట్టుకుంది.

అరచేయంత పెర్చ్. ఒంటి నిండా పులిచారలు, ఎర్రటి కింది రెక్కలు. వీపు ముల్లు బొటనవేలిలో దిగింది. అయినా నవ్వొచ్చింది.

అమ్మకు ఫొటో పంపాను.

"పులుసుకు చాలదు కదరా?"

"వదిలేశానమ్మా."

"వదిలేయడానికా, లైసెన్సు కొని మరీ మూడు గంటలు నిలబడ్డావు?"

ఇంకా జవాబు పంపలేదు. వేలు మాత్రం సలుపుతోంది.