క్లిప్ పెట్టే నిమిషంలో మాట తడబడకూడదు

పగలని అన్యూరిజానికి (మెదడు రక్తనాళంలో ఉబ్బిన చోటు) పేషెంట్ మెలకువగా ఉండగానే క్లిప్ వేసేటప్పుడు అసలైన మానిటర్ వారి గొంతే. నాళాన్ని కాసేపు మూసే తాత్కాలిక క్లిప్‌తో మెదడుకు రక్తం చాలకపోతే మాట తడబడుతుంది, చెయ్యి వాలుతుంది. అది మత్తు వల్లా, రక్తం అందకా అన్న అనుమానానికి ఆ క్షణంలో తావుండకూడదు.

అందుకే భారమంతా స్కాల్ప్ బ్లాక్ (తల చర్మం నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్లు) మీదే. రెండు వైపులా ఆరేసి నరాలు. 60 కిలోల మనిషికి మొద్దుబార్చే మందు రోపివకైన్ గరిష్ఠంగా కిలోకు 3 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా., అంటే 0.5 శాతం మందు 36 మి.లీ. అంతా బ్లాక్‌కే వాడేస్తే తలను బిగించే పిన్నుల దగ్గరో, డ్యూరా (మెదడు పైపొర) దగ్గరో నొప్పి లేచినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. 28, 30 మి.లీ.తో ముగించండి. డ్యూరాకు వేసే లిగ్నోకైన్ కూడా ఈ లెక్కలోదే. తల చర్మం నుంచి మందు రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. మొదటి పావుగంట మందు విషమయ్యే గుర్తులైన చెవుల్లో హోరు, మూతి చుట్టూ తిమ్మిరి ఉన్నాయేమో అడుగుతూ ఉండాలి. దానికి విరుగుడైన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ థియేటర్లోనే ఉంచాలి.

మత్తుకు డెక్స్‌మెడిటోమిడిన్ గంటకు కిలోకు 0.2–0.5 మైక్రోగ్రాములు చాలు. మాట, చేతి పరీక్షకు ముందే తగ్గించాలి, మగతగా ఉంటే ఆపేయాలి. మిడజోలం అనే మత్తుమందు వద్దు. మత్తు ఎక్కువై ఊపిరి మందగిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడు ఉబ్బుతుంది. మెదడు ఉబ్బు తగ్గించే మానిటాల్ వేగంగా ఎక్కిస్తే వికారం వస్తుంది. క్లిప్ పడకముందు వాంతి, బీపీ ఎగబాకడం రెండూ ప్రమాదమే కాబట్టి వాంతి ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. ముందే ఇవ్వాలి.

హైదరాబాద్‌లో బొమ్మల పరీక్ష (బొమ్మ చూపి పేరు చెప్పించడం) ముందురోజే చేసి జవాబులు రాసిపెట్టుకోవడం తప్పనిసరి. సొరకాయ బొమ్మకు ఒకరు ఆనిగెపుకాయ అంటారు, మరొకరు కద్దూ అంటారు. రెండూ సరైనవే. రాసి లేకపోతే థియేటర్లో అది తప్పుగా కనిపిస్తుంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడేవారిని రెండింటిలోనూ పరీక్షించాలి.

తాత్కాలిక క్లిప్ పడగానే సగటు బీపీని 10–20 శాతం పెంచండి. బీపీ కొలిచే ట్రాన్స్‌డ్యూసర్ చెవి రంధ్రం ఎత్తున ఉండాలి. మాట తప్పితే సర్జన్‌కు వెంటనే చెప్పాలి, క్లిప్ తీయించాలి. అడినోసిన్‌తో గుండెను క్షణకాలం ఆపే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మెలకువలో ఉన్న మనిషికి గుండె నొక్కేసినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపించి కదిలిపోతారు.

అన్యూరిజం పగిలితే పూర్తి మత్తే శరణ్యం. తల పిన్నుల్లో బిగించి ఉంటుంది కాబట్టి ఎల్‌ఎంఏ (ఊపిరి కోసం గొంతులో పెట్టే గొట్టం) ఏ వైపు నుంచి పెట్టగలమో డ్రేపులు కప్పకముందే ముఖం దగ్గర చెయ్యి పెట్టి చూసుకోండి.