రెంటచింతల ఎండ, ఖార్దుంగ్ లా ఎండ

రెంటచింతలకు కూతవేటు దూరంలో పుట్టి, మే నెల మధ్యాహ్నాల్లో గొడుగు లేకుండా తిరిగి పెరిగిన నాకు, చలికి వణుకుతున్న మనిషిని కూడా ఎండ కాలుస్తుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. లేహ్ నుంచి ఖార్దుంగ్ లా కనుమకు బయలుదేరుతున్నప్పుడు, నల్లద్దాలు హోటల్లో మరిచిపోయానంటే డ్రైవరు తన దగ్గరున్న పాత జత ఇవ్వబోయాడు. "పల్నాటి ఎండకే మాడని ఒళ్ళు, ఈ మంచులో ఏమవుతుందిలే" అని మా బావ అడ్డుపడ్డాడు; నేనూ తీసుకోలేదు.

5,359 మీటర్ల ఎత్తున, మంచులో ఇరుక్కున్న లారీ ఒకటి దారి మూసేయడంతో మూడు గంటలు ఆగిపోయాము. చెమట చుక్క పట్టలేదు కాబట్టి ఎండే లేదనుకున్నాను.

ఆ రాత్రి ఒంటిగంటకు, కళ్ళలో గుప్పెడు కారం కొట్టినట్టయి లేచాను. ఉబ్బిపోయిన రెప్పలను వేళ్ళతో విడదీస్తే దీపపు వెలుగు సూదిలా దిగిందే తప్ప, పక్కనే కూర్చున్న నా భార్య ముఖం ఆనలేదు. చూపు పోయిందనే అనుకున్నాను. ఇంటి కాగితాలు బీరువాలో ఏ అరలో ఉన్నాయో ఆమెకు చెప్పడం మొదలుపెట్టానట. ఆమె నా కళ్ళ మీద తడిగుడ్డ వేసి, కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి మొక్కుకుంటూ వెళ్ళి బావ గది తలుపు తట్టింది. "దుమ్ము పడి ఉంటుందమ్మా, పొద్దున్నే చూద్దాంలే" అన్న మాట, ఆ వెంటనే తలుపు మూసుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించాయి. నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది ఆ డ్రైవరే.

డాక్టరమ్మ ముందుగా ఒక చుక్క మందు వేయగానే నొప్పి మాయమైంది. తరువాత పసుపురంగు మందు వేసి, నీలి వెలుగులో చూసి, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఎండకు కాలిందని చెప్పారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగిన కొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుందట. కొత్తగా కురిసిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం వరకు తిరిగి మన ముఖం మీదికే కొడుతుందట. చర్మాన్ని కొంత కాపాడే నలుపు ఆ పొరలో ఉండదని ఆవిడ అన్నప్పుడు, నాకు బావ మాటే గుర్తుకొచ్చింది. నొప్పి తీసేసిన ఆ మొదటి మందు సీసా ఇవ్వమని బతిమాలితే ఆవిడ ససేమిరా అన్నారు. తిమ్మిరెక్కించే ఆ మందును పదేపదే వేస్తే పుండు మానదని తెలియక, దయలేని మనిషని లోలోపల తిట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజుకు చూపు తేటపడింది. అయితే గడ్డం కింద, ముక్కుపుటాల అంచున, అంటే పైనుంచి ఎండ తగలని చోటే, చర్మం ఉల్లిపొరలా వారం రోజులు ఊడింది. మంచు ప్రాంతాలకు వెళ్ళేవారు పక్కల నుంచి కూడా వెలుగు దూరని నల్లద్దాలు పెట్టుకోవాలని, సన్‌స్క్రీన్ గడ్డం కిందా రాసుకోవాలని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

శ్రావణంలో కోటప్పకొండకు వెళ్ళి మొక్కు తీర్చుకున్నాము. బావ కూడా వచ్చాడు. ఆ రాత్రి నా కంట్లో పడింది దుమ్మేనని మెట్ల మీద అందరితో చెబుతుంటే, నేను కాదనలేదు, నల్లద్దాలూ తీయలేదు.