టెంటుకా, కోటకా?

జమ్మలమడుగు బస్టాండు బయట ఆటో ఎక్కగానే డ్రైవరు అడిగిన మొదటి మాట, "టెంటుకా సార్, కోటకా?" అని. నాకు అర్థం కాలేదు. రెండూ ఒక్కచోటే కదా అన్నాను. "ఒక్కచోటే సార్. వచ్చే మనుషులే వేరు" అని బండి స్టార్ట్ చేశాడు.

శని, ఆదివారాల్లో లోయ దగ్గర టెంట్లలో రాత్రి గడపడానికి వచ్చేవాళ్లు వేరని తర్వాత తెలిసింది. మేం మాత్రం గండికోట కోటకే వెళ్తున్నాం, నేనూ ఏడో తరగతి చదివే మా పాపా. డిగ్రీలో ఉండగా అనంతపురం నుంచి నలుగురు స్నేహితులం గండికోట వచ్చాం. ఆ రోజు లోయ అంచున మేం తప్ప ఇంకో మనిషి లేడు. ఊళ్లో ఒక ముసలాయన చెంబుతో నీళ్లిచ్చి, "అంచుకు పోవాకండి నాయనా" అని మూడుసార్లు చెప్పి పంపాడు. ఆ లోయ పాపకు చూపించాలని ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతి వెళ్లిన రెండో శనివారానికి కుదిరింది.

జమ్మలమడుగు నుంచి కోటకు పదిహేను కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే మా ఆటోను దాటుకుని ఎన్నో కార్లు పోయాయి, సగం కర్ణాటక నంబర్లు, సగం తెలంగాణవి. ఒకదానిలోంచి ఖాళీ నీళ్ల బాటిల్ ఎగిరి రోడ్డు పక్క కంపచెట్లలో పడింది. డ్రైవరు అటు చూడనైనా చూడలేదు.

ఊళ్లో టీ అంగడి నడిపే ఒక అక్క తన ఇంట్లోనే ముందుగది మాకిచ్చింది. సామాను పెట్టి నేరుగా లోయకు నడిచాం. నేను చెప్పడం కంటే పాప ముఖం చూసుంటే ఆ లోయ ఎలా ఉంటుందో తెలిసేది. మాట్లాడలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న, ఎర్రమల కొండల్ని చీల్చుకుని వచ్చిన గండి అది. రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు. ఆ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. సాయంత్రం ఎండ పడితే గోడ మొత్తం కుంకుమ రంగుకు తిరుగుతుంది. కింద నీళ్లు కదలకుండా పచ్చగా ఉన్నాయి.

అంచున బండ మీద కూర్చుందామని పాప చేయి ఆనించబోయి వెనక్కి తీసుకుంది. బండ సందుల నిండా గాజు పెంకులే, గోధుమరంగువి, ఆకుపచ్చవి. కాసేపటికి తన చెప్పు అడుగున కూడా ఒకటి దిగి కనిపించింది. కాలికి తగల్లేదు, అదృష్టం. పక్కనే రాతి మీద నల్లగా మసి, మధ్యలో సగం కాలిన తుమ్మ మొద్దు, కరిగి రాతికి అంటుకున్న ప్లాస్టిక్ గ్లాసు. గోటితో గీకి చూశాను, రాలేదు.

చీకటి పడ్డాక పాటలు మొదలయ్యాయి. ఇలాంటి చోట స్పీకరు పెడితే ఏమవుతుందో ఆ రాత్రి తెలిసింది. ఒక టెంటు దగ్గర కొట్టిన దరువు ఎదుటి రాతి గోడకు తగిలి మళ్లీ ఊరి మీదికే వస్తుంది. ఒకే పాట రెండుసార్లు వినబడుతుంది, రెండోది కొంచెం ఆలస్యంగా. ఈ రాళ్ల సందుల్లో ఉండే గుడ్లగూబలు చీకట్లో చాలావరకు చెవిని నమ్ముకునే వేటాడతాయి. వాటికి ఆ రాత్రి ఆకలే.

టీ అంగడి అక్క కూతురు పదో తరగతి. పుస్తకాలు తీసుకుని వెనక గదిలోకి వెళ్తుంటే, రేపు పరీక్షా అని అడిగాను. "కాదు అంకుల్, ఈ గదిలో సౌండెక్కువ. శని, ఆదివారాలు తెలుగు, సోషల్ చదువుకుంటా. లెక్కలు వారంలో చేసుకుంటా" అంది. టైంటేబుల్ చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ పిల్ల ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేదు, ఈ చుట్టుపక్కల చదువుకునే పిల్లలు అలా సర్దుకోవడం నేర్చుకున్నారు, అంతే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అక్కకు ఈ టెంట్ల మీద కోపం ఉంటుందనుకున్నాను. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడుతూ ఆమె అన్న మాట వేరు. "అబద్ధం చెప్పకూడదన్నా. ఈ టెంట్లొచ్చినాకనే మా పిల్లోడు బెంగళూరులో పని ఇడిసిపెట్టి ఇంటికొచ్చినాడు. వాళ్లు రాకపోతే నా అంగట్లో పాలు పగిలిపోతాయి." ఆ పిల్లాడు శనివారాలు టెంట్లు వేస్తాడు, ఆదివారాలు పీకుతాడు. వానల్లేని ఈ నేల మీద ఊళ్లోనే నెలకింత చేతికొచ్చే పని దొరకడమంటే ఏమిటో మా జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే టెంట్లన్నీ మూసెయ్యాలని నేను అనలేను. ఊళ్లో నాతో మాట్లాడిన ఒక్కరూ ఆ మాట అనలేదు.

ఆ అక్కకే ఆరు మేకలున్నాయి. అందులో ఒకటి మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగో కాలి గిట్టకు పసుపు పెట్టి గుడ్డ చుట్టారు. "సీసా పెంకు" అంది, అంతకు మించి ఏమీ అనలేదు. కొడుకు సంపాదనా మేక గాయమూ ఆ ఇంటికి ఒకే దారిన వస్తున్నాయి. బయటినుంచి వచ్చి తీర్పులు చెప్పే మనం ఈ సంగతి మర్చిపోతాం.

జీవాలు మేపే ఒక తాత జుమ్మా మసీదు వెనక కలిశాడు. మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం మేం అప్పటికే చూసేశాం. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రాన్సు నుంచి రత్నాల వ్యాపారి తవెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడిదాకా వచ్చాడు. అంటే దూరాల నుంచి మనుషులు రావడం ఈ ఊరికి కొత్త కాదు. తాత మాత్రం కొత్తగా వచ్చినవాటిని చూపించాడు. ముందు ఒక వాలు, నల్లగా కాలిపోయి ఉంది. రాత్రి వేసిన మంట ఆర్పకుండా పోతే తెల్లారి గాలికి ఎండు బోదగడ్డంతా అంటుకుందట. "రెండు నెలల మేత నాయనా" అన్నాడు. తర్వాత ఒక తుమ్మచెట్టు మొదలు. మధ్యాహ్నం గొర్రెలు నిలబడే నీడ అది. మంటకు కట్టెలు కావాలని ఎవరో కొట్టేశారు. పోయినేడు ఆయన గొర్రె ఒకటి కడుపుబ్బి చచ్చిపోయింది. కోసి చూస్తే పొట్టలో ఉండలు చుట్టుకుపోయిన ప్లాస్టిక్ కవర్లు. బిర్యానీ మెతుకుల వాసనకు కవరుతో సహా మింగేస్తాయి. అరగదు, బయటికి రాదు.

మందు తాగడం గురించి అడిగితే తాత నవ్వాడు. "తాగితే తాగనీ, మేం తాగమా? తాగినోడు సీసా పక్కన పెట్టి పోతే ఏంబోయె? గుజిరీకేసేటోళ్లు ఏరుకపోతారు. రాతికేసి కొట్టేదేంది? పగిలిన సీసాను ఎవురు ముట్టుకుంటారు?" ఇంత సూటిగా నేను ఆలోచించలేదు. పగలని సీసాకు గుజిరీ అంగట్లో, అంటే పాత సామాను కొనేచోట, ఏదో ఒక ధర ఉంటుంది. పెంకుకు లేదు, కాబట్టి అది అక్కడే ఉండిపోతుంది, మన మనవల కాలం దాకా.

తమిళనాడులోని నీలగిరి జిల్లా సంగతి ఆయనకు చెప్పాను. సీసా పెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయని మద్రాసు హైకోర్టు గట్టిగా అడిగాక, 2022 నుంచి అక్కడ మద్యం సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తిరిగి తెస్తే ఆ పది వెనక్కి ఇస్తున్నారు. తాత చివరిదాకా విని, "పది చాలదు, యాభై పెట్టాల" అన్నాడు. గండికోటకు కార్లు వచ్చే రోడ్డు ఒక్కటే. సీసాలు లెక్కపెట్టి లోపలికి పంపి, లెక్కపెట్టి బయటికి పంపడం ఇంతకంటే సులువైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

మధ్యాహ్నానికి టెంట్లు పీకేశారు. అక్క కొడుకు గోనెసంచి తీసుకుని బయల్దేరితే మేమూ వెంట వెళ్లాం. టెంట్లు వేసిన చోటు వాళ్లు శుభ్రంగానే ఊడ్చుకుంటారు. అక్కడినుంచి లోయ అంచు దాకా ఉన్న నేల మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకని అడిగాను. "మా టెంట్ల కాడ మేం ఊడుస్తామన్నా. అంచుకాడ ఎవురూడుస్తారు? అది ఎవురిదీ కాదు" అన్నాడు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ కోట కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. 1958 నాటి చట్టం ఉంది, నీలం బోర్డు ఉంది. అయినా అంచు ఎవరిదీ కాకుండా పోయింది.

అంచు దాటి పడినదైతే ఇంకెవరికీ అందదు. నిటారు గోడ, దిగి తెచ్చే దారి లేదు. వాన పడితే పెన్నలోకి జారుతుంది. పెన్న ఇక్కడినుంచి మైలవరం రిజర్వాయరుకు పోతుంది. రాత్రి లోయలోకి బాటిల్ విసిరి, అది రాళ్లకు తగిలే చప్పుడు కోసం చెవి ఒగ్గి కేకలు పెట్టే ఆట ఒకటుందని ఆ పిల్లాడు చెప్పాడు. ఎంతసేపటికి వినిపిస్తుందో పందెం కాస్తారట.

గంటన్నర ఏరాం. చేతులకు అక్క ఇచ్చిన పాత సాక్సులు తొడుక్కున్నాం. సంచి ముప్పాతిక నిండింది. మేం ఏరింది రెండు బండల చుట్టూ ఉన్నది మాత్రమే, ఇంకా ఎన్ని బండలున్నాయో పాప లెక్కపెట్టడం మొదలుపెట్టి మానేసింది. సంచి బరువుకు పిల్లాడి బండి ఒక పక్కకు ఒరిగింది. జమ్మలమడుగులో వేసొస్తానని వెళ్లాడు.

మేం సామాను సర్దుకునే సరికి కార్లన్నీ వెళ్లిపోయాయి. ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే పక్క వీధిలో ఎవరో రాగులు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆటో వచ్చి హారన్ కొట్టాడు. అక్క కూతురు అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో లెక్కల పుస్తకం.